ఎర్రబండి బడికి వచ్చుటెన్నడు?

ప్రతి సంవత్సరము ఏప్రిల్ నెల 14వ తేదీ మొదలు 20వ తేదీ వరకు మన దేశమంతటను అగ్నిమాపక వారోత్సవములు జరుగుచుండును. ఆ వారము దినములలో చిన్న పట్టణములందు తరచుగా కనిపించు దృశ్యమొకటి కలదు. ఎలిమెంటరీ పాఠశాల పిల్లలు ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకొని, వరుస తప్పక, అగ్నిమాపక కేంద్రమునకు నడిచి పోవుదురు. ముందొక మాస్టారు, వెనుక నొక టీచరమ్మ. అచ్చట ఎర్రబండిని చూతురు. గంట మ్రోగగానే చెవులు మూసికొందురు. గొట్టము నుండి నీరు పైకెగసి ఎండలో ఇంద్రధనుస్సు నిలిచినప్పుడు కేరింతలు కొట్టుదురు. ఒకరిద్దరి తలలపై ఇనుపటోపీ పెట్టి ఫొటో తీయుదురు. మరునాడు పత్రికలో నాలుగు పంక్తుల వార్త వచ్చును. మన తిరువూరు వంటి ఊరిలో వేసవి ఉదయమున చిన్నపిల్లలకు ఇంతకంటె వేడుక ఏమున్నది?

ఈ వేడుకను కాదనుట మా అభిమతము కాదు. పుస్తకములో బొమ్మగా చూచిన బండిని చేతితో తాకి చూచుటయు విద్యయే. అయితే పిల్లలు అగ్నిమాపక కేంద్రమును చూచి వచ్చుట పనిలో సగము మాత్రమే యని మా అభిప్రాయము. రెండవ సగము, ఆ కేంద్రము వారు పిల్లల బడికి వచ్చి చూచుట. మొదటి సగమునకు ఫొటోలున్నవి, వార్తలున్నవి. రెండవ సగము చాల చోట్ల తలపునకే వచ్చుట లేదు. ఈ సంగతిని విద్యార్థుల యెదుటను, కళాశాల కమిటీ పెద్దల యెదుటను ఉంచుటకే ఈ వ్యాసము.

ముందుగా ఆ తేదీని గూర్చి రెండు మాటలు. 1944 ఏప్రిల్ 14. రెండవ ప్రపంచ యుద్ధము సాగుచున్న కాలము. బొంబాయి విక్టోరియా డాకునందు ‘ఫోర్ట్ స్టికీన్’ అను ఓడ నిలిచియున్నది. దాని గర్భమున సుమారు 1,400 టన్నుల ప్రేలుడు పదార్థములు, వాటితోపాటు ప్రత్తి బేళ్ళు, నూనె, కలప, బంగారపు కడ్డీలు. మధ్యాహ్నవేళ ఓడలో నుండి పొగ కనిపించినది. అగ్నిమాపక సిబ్బంది వచ్చి గొట్టములు విప్పి పని ప్రారంభించిరి. సాయంకాలము నాలుగు గంటలు దాటిన కొలది నిమిషములకు ఓడ ప్రేలెను. అర్ధగంట గడువక మునుపే మరల ప్రేలెను. మంట లార్పబోయిన వారిలో 66 మంది అసువులు బాసిరి. వారి స్మృత్యర్థమే ఈ వారోత్సవములు.

మన ప్రాంతపు పిల్లలకు ఈ కథ చెప్పుట కష్టము కాదు. తిరువూరు, గంపలగూడెము ప్రాంతపు పిల్లలకు ప్రత్తి క్రొత్త వస్తువు కాదు గదా! ఇంటి వసారాలో పోసిన ప్రత్తిరాశిపై దొర్లి తల్లి చేత చీవాట్లు తిన్నవారు వీరిలో నెందరో యుందురు. ప్రత్తిలో పడిన నిప్పు పైకి కనబడక లోలోపల కాలుచు పోవును. పైన నీరు చల్లి ఆరినదనుకొన్నచో మరల రాజుకొనును. ఈ సంగతి వారి తండ్రులే చెప్పగలరు. అయినను, వారోత్సవములలో బొంబాయి ఓడ కథ పిల్లలకు పూర్తిగా చెప్పినవారిని మేము అరుదుగా చూచితిమి. బంగారపు కడ్డీలు ఆకాశమున ఎగిరిపడిన కథను ఏ పిల్లవాడు మాత్రము వినననును?

కేంద్రములో పిల్లలకు చూపవలసినవి చాలనే యున్నవి. బండిలోని నీటితొట్టి సాధారణముగా 4,500 లీటర్లు పట్టును. 15 లీటర్ల బిందెతో కొలిచినచో 300 బిందెలు. మూడవ తరగతి పిల్లవానికి ఇదియొక భాగాహారపు లెక్క. ఆ 300 బిందెల నీరు గొట్టము విప్పిన పిమ్మట కొలది నిమిషములలోనే ఖర్చగును. ఆపైన చెరువో, బావియో, మరియొక బండియో కావలెను. ఈ మాట చెప్పి ఊరకుండినచో, ధారను చూచి చప్పట్లు కొట్టిన పిల్లవాడే “నీళ్ళయిపోతే ఎట్లా సార్?” అని తప్పక అడుగును. ఆ ప్రశ్న పుట్టుటకే గదా పిల్లలను అంతదూరము నడిపించినది.

కాని అన్నిటికంటె ముఖ్యమైనది ముసుగు. పొగలోనికి పోవు సిబ్బంది ముఖమునకు ముసుగు తగిలించుకొందురు. వీపున గాలి సిలిండరు కట్టుకొందురు. ఊపిరి పీల్చినప్పుడెల్ల బుసకొట్టిన చప్పుడు వచ్చును. పెద్దవారమైన మనకే ఆ రూపము వింతగా నుండును. ఐదారేండ్ల పిల్లవానికి అది భూతము. ఇండ్లు కాలినప్పుడు చిన్నపిల్లలు మంచము క్రిందను, బీరువా వెనుకను దాగుకొనుట లోకమంతట ఎరిగిన సంగతి. తనను కాపాడవచ్చిన మనిషిని చూచి మరింత లోపలికి ముడుచుకొని పోవుటయు అట్టిదే. పిలిచినను పలుకరు. వారి దృష్టిలో వచ్చినది మనిషి కాదు.

ఒక పర్యాయము ఇట్టి సందర్శనమున మేమును పిల్లల వెంట నుంటిమి. సిబ్బందిలో నొకరు ముసుగు ధరించి హఠాత్తుగా గదిలో నుండి వెలుపలికి వచ్చిరి. పిల్లలను సంతోషపెట్టవలెననియే వారి ఉద్దేశము. ఒకటవ తరగతి బాలిక యొకతె గొల్లున ఏడ్చి టీచరమ్మ చీరకొంగులో దూరినది. నలుగురును నవ్విరి. అక్కడనే యున్న వయసు మీరిన ఉద్యోగి యొకరు మాత్రము నవ్వలేదు. ఆయన వచ్చి నేలపై కూర్చుండి, ముసుగును పిల్లల చేతికిచ్చి, “ఇది నా ముక్కు, పట్టుకోండి” అనెను. పిమ్మట పిల్లలు చూచుచుండగనే బూట్లు, కోటు, ముసుగు, టోపీ ఒకటొకటిగా తొడిగికొని, ముసుగులో నుండియే తన పేరు చెప్పెను. మరల ఒకటొకటిగా విప్పివైచెను. రెండవ పర్యాయము తొడిగికొన్నప్పుడు ఏడ్చిన బాలికయే ముందునకు వచ్చి ఆ గాజు మీద వ్రేలితో తట్టినది. మా దృష్టిలో ఆనాటి సందర్శనమునకు ఆ ఐదు నిమిషములే ప్రాణము. నీటిధార లేకున్నను కొరత యుండెడిది కాదు.

ఇంతకు చిన్నపిల్లలు నేర్వవలసినదేమి? మంటలార్పుట వారి పని కాదు. ఎర్ర సిలిండరు పిన్ను లాగుట ఏడేండ్ల పిల్లలకు నేర్పుచున్న చోట్లున్నవి. అది చూచుటకు ముచ్చటగా నుండును గాని ప్రమాదము. తాను ఆర్పగలనను ధైర్యము వానిని మంట దగ్గరకు పంపును, వెలుపలికి పంపదు. చిన్నపిల్లలకు నేర్పవలసినది వెలుపలికి వచ్చుట, దాగుకొనకుండుట, వచ్చిన పిమ్మట పుస్తకముల సంచి కొరకో మేకపిల్ల కొరకో మరల లోనికి పోకుండుట. పొగ పైకి పోవును గనుక నేలకు దగ్గరగా ప్రాకి రావలెననుట ఆటగా నేర్పవచ్చును. బట్టలకు నిప్పంటుకొన్నచో పరుగెత్తక, నిలిచి, పండుకొని, దొర్లవలెననుట కూడ ఆటయే. నేటి బట్టలలో నైలాను, పాలియెస్టరు ఎక్కువ. అవి కాలుటయే గాక కరిగి ఒంటికి అంటుకొనును. కాలినచోట సిరాయో, పండ్లపొడియో, పేస్టో పూయుట మన ఇండ్లలో నేటికిని పోలేదు. ఇరువది నిమిషములు చల్లని నీటి ధార క్రింద నుంచుటయే మొదటి చికిత్స యని పిల్లవాడు ఇంటికి పోయి నాయనమ్మకు చెప్పినచో నాయనమ్మ వినును. మేము చెప్పిన వినదు.

ఇక టెలిఫోను సంగతి. 101 అని పిల్లలందరును కంఠస్థము చేయుదురు. 112 అను అత్యవసర నెంబరును కూడ చెప్పుదురు. కాని ఫోను తీసినవారు “ఎక్కడ బాబూ?” అని అడిగినచో ఏమి చెప్పవలెను? “మా ఇంట్లో” అని చెప్పును. తలుపు నెంబరు పెద్దలకే తెలియదు. మన ఊళ్ళలో చిరునామా యనగా గుర్తులే: మసీదు ప్రక్క సందు, నీళ్ళ ట్యాంకు వెనుక, రైసుమిల్లు ఎదురు. ఆ గుర్తును ప్రతి పిల్లవాని చేతను పలికించి చూడవలెను. ఇచ్చట మరియొక చిక్కున్నది. ఉర్దూ మాధ్యమమున చదువుచున్న చిన్నపిల్లలు కంగారులో “ఆగ్ లగీ” అని తప్ప వేరేమియు చెప్పలేరు. చెప్పనక్కరలేదు కూడ. ఏ భాష నోటికి వచ్చిన ఆ భాషలో అరవవలెనని వారికి అభయమీయవలెను. కేంద్రమునకు పోయినప్పుడు ఫోను దగ్గర కూర్చున్న ఉద్యోగితో ఆ పిల్లలు తమ భాషలోనే మాటలాడి చూచినచో ఇరువురికిని మేలు. రెండు భాషలలో వెలువడు ఈ సంచికలో ఈ మాట చెప్పుట అసందర్భము కాదనుకొందుము.

నిప్పును గూర్చిన జాగ్రత్త మనకు క్రొత్తగా పడమటి దేశముల నుండి దిగుమతి యైనది కాదు. రాత్రి నిద్రించుటకు ముందు దీపముల నార్పవలెనని మహాప్రవక్త (స) వారు ఆదేశించిన హదీసు బుఖారీ సంకలనమునందు కలదు. కారణము కూడ అందే చెప్పబడినది: ఎలుక వత్తిని లాగికొనిపోయి ఇంటిని కాల్చవచ్చును. ఎంత ఇంటిపట్టు కారణము! భారతమున లక్కయింటి ఘట్టము మీరెల్లరు చదివినదే. లక్కతోను నేతితోను కట్టిన ఆ ఇంటి నుండి పాండవులు బ్రదికి బయటపడినది బాహుబలముచేత కాదు. విదురుడు ముందుగా హెచ్చరించెను. అతడు పంపిన మనిషి సొరంగము త్రవ్వెను. పాండవులు ఆ దారిని ఎరిగియుండిరి. భీముని వంటి బలశాలికిని రెండవ దారి కావలసివచ్చినది. రెండవ తరగతి పిల్లవానికి అక్కరలేదా?

ఇచ్చట పిల్లలను వదలి వారి బడి వంక చూతము. పిల్లవాడు అగ్నిమాపక కేంద్రములో అన్నియు విని, తలయూపి, వరుసగా నడిచి తన బడికి తిరిగివచ్చును. ఆ బడికి మెట్లు ఒక్కటే. మెట్ల క్రింద విరిగిన బెంచీలు, పాత రిజిస్టర్లు, సైకిళ్ళు. కిటికీలకు ఇనుప ఊచలు. కోతులు రాకుండ, పిల్లలు పోకుండ కొలాప్సిబుల్ గేటుకు తాళము. తాళపుచెవి జవాను జేబులో నుండును. జవాను టీకి పోయియుండును. ఇది ఏ ఒక్క బడిని గూర్చియు చెప్పుట కాదు. మన ప్రాంతమున ఏ నాలుగు బడులకు పోయినను వీనిలో రెండైనను కనబడును.

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణమున జరిగినది మరువదగినది కాదు. మధ్యాహ్న భోజనము వండు చోట రేగిన నిప్పు పాకకప్పునకు అంటుకొని, పై అంతస్తులో నున్న తరగతులను చుట్టుముట్టినది. ఇరుకైన మెట్లదారి. 94 మంది పిల్లలు మరణించిరి. అందరును ప్రాథమిక పాఠశాల వయస్సువారే. ఆ దుర్ఘటన తరువాత అవినాశ్ మెహరోత్రా అనువారు సుప్రీం కోర్టునందు వేసిన వ్యాజ్యమున 2009 ఏప్రిల్ 13న తీర్పు వచ్చినది. చదువుకొను హక్కులో భయము లేని బడిలో చదువుకొను హక్కును చేరియున్నదని న్యాయస్థానము చెప్పినది. బడులలో మంటలార్పు సాధనములుండవలెననియు, ఉపాధ్యాయులకు వాటి వాడుక నేర్పవలెననియు ఆదేశించినది. వారోత్సవములకు సరిగా ఒకనాటి ముందు తేదీ అది. ఆ తీర్పు ఫలితముగా ఎర్ర సిలిండర్లు బడులలోనికి వచ్చినవి, నిజమే. ప్రధానోపాధ్యాయుని గదిలో మేకునకు వ్రేలాడుచున్నవి. వాటిపై నింపిన తేదీని చదివినవారెందరు?

పండుగలును సభలును చేసికొను మనబోటి సంస్థలు తెలిసికొనవలసిన సంగతి మరియొకటి కలదు. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో ఒక పాఠశాల వార్షికోత్సవము జరుగుచుండగా షామియానాకు నిప్పంటుకొన్నది. కృత్రిమ వస్త్రము మండుచు జనముపై పడినది. వెలుపలికి పోవు దారి చాలలేదు. పిల్లలు, తల్లిదండ్రులు కలిసి నాలుగువందలకు మించి చనిపోయిరి. మన వార్షికోత్సవములును, మీలాదు సభలును, ఊరిలోని చవితి పందిళ్ళును అట్టి గుడ్డల క్రిందనే, అట్టి తీగల నడుమనే జరుగుచున్నవి. షామియానాకు మూడు ప్రక్కలను గుడ్డ కట్టి నాలుగవ ప్రక్క వేదిక వేయుట మన అలవాటు.

రెండవ సగమని మొదట చెప్పిన మాటకు ఇక వత్తుము. కేంద్రము వారు బడిని ముందుగా చూచియుండుట వలన ఒరుగునదేమి యని సందేహించువారికి చికాగో నగరపు సంగతి చెప్పవలసియున్నది. 1958 డిసెంబరు 1వ తేదీ మధ్యాహ్నము. బడి విడుచుటకు ఇంక కొంచెము సేపే యున్నది. ‘అవర్ లేడీ ఆఫ్ ది ఏంజెల్స్’ అను పాఠశాలలో మెట్ల అడుగున మంట పుట్టెను. పై అంతస్తు పిల్లలకు దారి మూసికొనిపోయెను. కబురందిన కొలది నిమిషములలోనే బండ్లు వచ్చినవి. మహానగరము, గొప్ప సాధనములు, అనుభవము గల సిబ్బంది. కాని కబురులో చెప్పబడిన చిరునామా బడిది కాదు, ప్రక్కవీధిలోని మతాచార్యుల నివాసముది. బండ్లను మరల త్రిప్పి బడి వైపునకు తెచ్చుటలో కొంత కాలము పోయినది. తెచ్చిన పిమ్మట, నిచ్చెనలు వేయవలసిన చోటికి పోనీయక ఇనుప గేటు అడ్డము. దానికి తాళము. తాళము పగులగొట్టుటలో మరికొంత కాలము పోయినది. 92 మంది పిల్లలును, ముగ్గురు సన్యాసినులును మరణించిరి. బండి ఆలస్యముగా బయలుదేరలేదు, నీటికిని కొరత లేదు. చిరునామా, గేటు. ఈ రెండును ఒక మధ్యాహ్నము తీరికగా వచ్చి చూచినచో తెలిసిపోవు సంగతులు.

కనుక తిరువూరులో ఎర్రబండి బడికి వచ్చినచో ఏమి చూచును? మొదట సందు. పాత ఇండ్ల నడుమ సందులలో రెండు ఆటోలు ఎదురైనచో ఒకటి వెనుకకు పోవలెను. అరుగులు ముందుకు జరిగినవి, మెట్లు వీధిలోనికి దిగినవి, కరెంటు తీగలు క్రిందికి వ్రాలినవి. ఏ మూలమలుపు దగ్గర బండి తిరుగునో, ఏ చోట నిలిపి గొట్టము లాగికొని పోవలెనో సిబ్బంది ఒకసారి చూచియుండినచో రాత్రివేళ వెదుకుకొనవలసిన పని లేదు. పిమ్మట బడి ముఖద్వారము. మన విద్యాసంస్థల ముఖద్వారములకు దాతల పేర్లతో తోరణములు కట్టించుట గౌరవప్రదమైన ఆచారము. వాటి క్రింద బండి దూరునా యని కొలిచి చూచినవారు మాత్రము ఎవరును లేరు. దాతలు స్వర్గస్థులైనను ఈ కొలత వలన వారికి అగౌరవము కలుగదని మా విశ్వాసము. లోపల బావియున్నదా, నీటితొట్టి యున్నదా, భోజనము వండు గదిలో గ్యాసు సిలిండరు తలుపునకు ఏ వైపున నున్నది, మెయిన్ స్విచ్చి ఎక్కడ, పై అంతస్తులో చిన్న తరగతులు కూర్చున్నవా? చిన్నవారిని క్రిందను, పెద్దవారిని పైనను కూర్చుండబెట్టుటకు పైసా ఖర్చు లేదు.

దీనికి చెప్పు అభ్యంతరములను మేము వినకపోలేదు. సిబ్బందికి తీరిక యెక్కడిదని కొందరందురు. వేసవిలో నిజముగనే తీరిక లేదు. గడ్డివాములు, పాకలు, తోటల కంచెలు తగులబడు కాలమది. చుట్టుప్రక్కల పల్లెలలో దేనికో బండి పోయినప్పుడు ఊరిలో మరియొక చోట నిప్పు పుట్టినచో పొరుగు పట్టణము నుండి సహాయము రావలెను. జిల్లా కేంద్రమైన విజయవాడ సుమారు 70 కిలోమీటర్ల దూరము. అందువలననే ఏప్రిల్‌లో అన్నిటిని కుప్పవేయవద్దని మా సూచన. ఏప్రిల్ మాసాంతమునకు బడులు మూతపడును. నేర్చినది సెలవులలో కరిగిపోవును. జూన్‌లో బడులు తెరచి, వానలు పడి, పొలములు చల్లబడిన దినములలో పిల్లల సందర్శనమును, సిబ్బంది తిరుగు సందర్శనమును పెట్టుకొన్నచో ఉభయులకును సౌకర్యము. ఏప్రిల్‌లో వారోత్సవము ఎటులను జరుగును.

పసిపిల్లలను భయపెట్టుట తగునా యని మరికొందరందురు. భయము తెలియనితనము నుండి పుట్టును. గంట విన్నప్పుడు ఏమి చేయవలెనో నాలుగుసార్లు చేసి చూచిన పిల్లలు అయిదవసారి నవ్వుచు చేయుదురు. సిలబసు పూర్తికాదనువారికి మాత్రము మేము సమాధానము చెప్పదలచుకొనలేదు. గంట కొట్టి, తరగతులు ఖాళీచేసి, మైదానమున హాజరు పిలుచుటకు పావుగంట చాలును.

ఈ అభ్యాసము యొక్క ఫలమెట్టిదో జపాను దేశపు కమైషి పట్టణము చూపినది. అది నిప్పు కాదు, నీరు. అయినను పాఠమొక్కటే. 2011 మార్చి 11న మహాభూకంపము వచ్చి సముద్రము పొంగినప్పుడు, అచ్చటి ఉన్నత పాఠశాల విద్యార్థులు ఎవరి ఉత్తరువు కొరకును నిలువక కొండవైపు పరుగెత్తిరి. ప్రక్కనున్న ప్రాథమిక పాఠశాల పిల్లలు వారిని చూచి తామును బయలుదేరిరి. పెద్దపిల్లలు చిన్నపిల్లల చేతులు పట్టుకొని, మొదట చేరిన చోటు చాలదని తోచి, ఇంకను ఎత్తునకు నడిపించుకొనిపోయిరి. ఆ సమయమున ఆ పట్టణపు బడులలో నున్న దాదాపు 3,000 మంది పిల్లలు ప్రాణములతో దక్కిరి. రెండు బడులును కలిసి ముందుగా అభ్యసించియుండుటయే దానికి మూలము.

విద్యార్థులారా, ఇచ్చట మీ పాత్ర కనబడుచున్నది. జాతీయ సేవా పథకము క్రింద మీరు రోడ్లు ఊడ్చితిరి, మొక్కలు నాటితిరి. వాటిలో కొన్ని బ్రదికినవి కూడ. ఈ సంవత్సరము మన ఊరిలోని ఉర్దూ, తెలుగు ప్రాథమిక పాఠశాలలలో నొక్కొక్కదానికి పదిమంది చొప్పున విడిపోయి, ఒక్కొక్కరు నలుగురైదుగురు పిల్లల చేయి పట్టుకొనుటకు పూనుకొనుడు. కేంద్రమునకు పోవునప్పుడు మీరే వెంట పోవలెను. బడిలో గంట కొట్టినప్పుడు మీరే మెట్లపై నిలువవలెను. పిల్లల ఇంటి గుర్తులను ఉర్దూలో నొకసారి, తెలుగులో నొకసారి పలికించవలెను. దీనికి వక్తృత్వము అక్కరలేదు. వ్యాసరచన పోటీ అంతకంటె అక్కరలేదు.

కమిటీ పెద్దలకు మా విన్నపము పెద్దది కాదు. క్రొత్త భవనము కొరకు చందాలు ప్రోగుచేయుచున్నారు, సంతోషము. దానికంటె ముందుగా, ఉన్న భవనమునకు వెనుకగోడలో నొక వాకిలి తెరపించవలెను. దానికి తాళము వేయక తప్పదన్నచో తాళపుచెవి గాజుపలకలో తలుపు ప్రక్కనే యుంచవలెను. మెట్ల క్రింది పాత బెంచీలను వేలము వేయించవలెను. జూన్ నెలలో అగ్నిమాపక కేంద్రమునకు ఒక ఉత్తరము వ్రాసి, పిల్లలను తీసికొని వత్తుమని చెప్పుటతో ఆపక, బండిని తీసికొని ఒకసారి మా సందులోనికి రావలసినదిగా కోరవలెను. వారు వచ్చిన దినమున ముఖద్వారపు తోరణము ఎత్తును, వెడల్పును టేపుతో కొలిపించి, ఆ అంకెలను కార్యాలయములో నోటీసు బోర్డుపై వ్రాయించవలెను. బండి దూరకపోయినచో తోరణమును ఎంత ఎత్తునకు లేపవలెనో మేస్త్రీ అక్కడికక్కడనే చెప్పును.